రెండో మలుపులో క్లిఫ్

మొగుడు పోయిన తర్వాత థెల్మా గాథర్‌కోల్ ప్రతి గురువారం సాయంత్రం అతన్ని కంచె దగ్గర్నుంచి లోపలికి లాక్కొచ్చేది. ఇదేదో మాటవరసకి అంటున్నది కాదు. తెల్లకోటు వేసుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని, పొడుగు కర్రకి ఇనుప పళ్ళు బిగించిన దంతె పట్టుకుని, నిజంగానే లాక్కొచ్చేది.

థార్న్‌డైక్ స్పీడ్‌వేలో పందెం అంటే నాలుగు మోటారు సైకిళ్ళు. వాటికి బ్రేకులుండవు. కోడిగుడ్డు ఆకారంలో పరిచిన ఎర్రమట్టి బాట మీద, ఎప్పుడూ ఎడమ పక్కకే తిరుగుతూ, నాలుగు చుట్లు. మలుపు వస్తే బుద్ధున్నవాడు వేగం తగ్గిస్తాడు. వీళ్ళు పెంచుతారు. వెనక చక్రాన్ని పక్కకి జార్చి, మట్టిని కంచె మీదికీ, కంచె వెనక నిలబడ్డవాళ్ళ నెత్తి మీదికీ ఎగజిమ్ముతూ తిరుగుతారు. కొన్ని పందాలయ్యేసరికి లోపలి అంచు బోడిగుండు అవుతుంది, మట్టంతా బయటి కంచెకి ఆనుకుని గట్టులా పేరుకుంటుంది. అప్పుడు ట్రాక్టరు తిరుగుతుంది. ట్రాక్టరుకి అందని మట్టిని దంతెలవాళ్ళు లోపలికి లాగుతారు. రెండో మలుపు థెల్మాది. ఆ మలుపు మట్టిలో ఆమె మొగుడు క్లిఫ్ ఉన్నాడు.

వాళ్ళ పరిచయం మొదలైందీ అక్కడే. థెల్మా ఇంకా దుస్తుల దుకాణంలో పనిచేసే పిల్లగా ఉన్నప్పుడు, స్నేహితురాళ్ళతో మొదటిసారి పందాలకి వచ్చి, తెలియక రెండో మలుపు దగ్గర కంచెని ఆనుకుని నిలబడింది. మొదటి పందెంలోనే మట్టిబెడ్డ ఎగిరొచ్చి కంట్లో పడింది. పక్కనున్న కుర్రాడు జేబురుమాలు మూల తడిపి, ఆమె రెప్ప ఎత్తి, మట్టి తీసిపెట్టాడు. తీస్తూ తీస్తూ, "కదలకు పిల్లా, అవతల ఆఖరి చుట్టు నడుస్తోంది, అదీ చూసుకోవాలి నేను" అన్నాడట. ఒక కన్ను ఆమె కంటి మీద, రెండోది పందెం మీద. ముసలాళ్ళయినా ఆ పద్ధతి మారలేదని థెల్మా అందరికీ చెప్పేది.

క్లిఫ్‌కి వారమంతా చక్కెరదుంపల ఫ్యాక్టరీలో పని. గురువారం మాత్రం స్పీడ్‌వే ట్రాక్టరు అతనిది. జీతం లేదు. ఒక ప్లేటు చిప్స్, తాగినంత టీ, అంతే. ఆ ట్రాక్టరు మీద కూర్చుంటే మాత్రం రాజ్యమేలుతున్నంత దర్జా. మట్టికి నీళ్ళు పెట్టేదీ అతనే. తక్కువైతే దుమ్ము లేచి జనానికి ఏమీ కనిపించదు, ఎక్కువైతే బళ్ళు జారి పడతాయి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అతని చేతిలోనూ ట్రాక్ అప్పుడప్పుడు చెడేది. చెడిన రోజున తప్పు వానది. వాన లేకపోతే సిడ్ బ్రమ్మిట్‌ది.

సిడ్ బ్రమ్మిట్ ఓస్బీలో ట్రాక్ చూసేవాడు. ఓస్బీ నదికి అవతలి ఊరు, బస్సులో ఒక కునుకు తీసేలోపు వచ్చేస్తుంది. థార్న్‌డైక్ జట్టు పేరు హెరాన్స్, అంటే కొంగలు. ఓస్బీ వాళ్ళు ఫాక్సెస్, నక్కలు. ఎప్పుడో ఒక కప్పు పందెం రోజున సిడ్ తన ట్రాక్‌కి నీళ్ళు మరీ ఎక్కువ పెట్టాడు. పొడిమట్టికి అలవాటుపడ్డ కొంగలు వరసగా జారిపడ్డాయి. కప్పు పోయింది. నీళ్ళ గొట్టం మర ఇరుక్కుపోయిందని సిడ్ చెప్పుకున్నాడు.

"మర కాదు, వాడి బుద్ధి ఇరుక్కుంది. ఊళ్ళో చెరువంతా తెచ్చి పోశాడు నక్కవెధవ" అని క్లిఫ్ ఎగిరాడు. ఇక జన్మలో ఓస్బీ ట్రాక్‌లో కాలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టనూ లేదు. కొంగలు ఓస్బీలో ఆడే రోజున అభిమానుల బస్సెక్కి గేటు దాకా వెళ్ళి, అందరూ దిగి లోపలికి పోతే తనొక్కడూ బస్సులోనే కూర్చుని, కిటికీ తెరుచుకుని చప్పుడు వినేవాడు. ఆ చప్పుడుని బట్టి ఎవరు గెలిచారో చెప్పగలనని కోతలు కోసేవాడు. చాలాసార్లు తప్పే చెప్పేవాడు. థెల్మా మాత్రం లోపలికి వెళ్ళి పందాలు చూసి, విరామంలో అతనికి టీ తెచ్చి కిటికీలోంచి అందించేది.

అతను పోయింది నవంబరులో. మంచి పని చేయలేదని థెల్మా విసుక్కుంది, ఏడుస్తూనే. నవంబరులో పందాలుండవు మరి, మళ్ళీ మార్చిలోనే. ఇక్కడ స్పీడ్‌వే పిచ్చివాళ్ళు చాలామంది చర్చి ఆవరణ వద్దనుకుని, బూడిదయ్యాక ట్రాక్‌కే వచ్చేస్తారు. క్లిఫ్ కూడా అదే చెప్పి పోయాడు. అందుకని బూడిదపెట్టె మార్చి దాకా వంటింట్లో ఫ్రిజ్ మీద, రొట్టెల డబ్బా పక్కన ఉండిపోయింది. పొద్దున్నే కెటిల్ పెట్టి, ఆ పెట్టెతో వాతావరణం చెప్పేది థెల్మా. మంచు కురిసిందనీ, దుంపలు ఇంకా తవ్వుతున్నారనీ, ఓస్బీ వాళ్ళు ఎవరో పోలండ్ కుర్రాణ్ణి తెచ్చుకున్నారనీ.

బూడిద చల్లించుకునేవాళ్ళు మామూలుగా మైదానం మధ్యలో గడ్డి మీద చల్లించుకుంటారు. క్లిఫ్‌కి అది నచ్చలేదు. "గడ్డిలో నాకేం పని? ఆవునా నేను? మట్టిలో కలపండి, రెండో మలుపులో" అన్నాడు. జట్టు నడిపే డెరిక్ స్వెయిన్ మెల్లగా చెప్పి చూశాడు.

"గడ్డి మీదయితే ఉన్నచోట ఉంటాడు థెల్మా. మట్టిలో అయితే మొదటి పందేనికే లేచిపోతాడు. మీరు ఇంకోసారి ఆలోచించుకోండి."

"ఆయన ఉన్నచోట ఉన్నదెప్పుడు నాయనా? అడిగినట్టే చెయ్యి" అంది థెల్మా.

ఎవరూ చేయకూడని పొరపాటు అది, స్పీడ్‌వే వాళ్ళే చేస్తారు. ట్రాక్టరు వెనక బూడిద పోసి రెండో మలుపులో కలిపారు. మౌనం పాటించమంటే ఇక్కడెవరికీ చేతకాదు కాబట్టి, కుర్రాళ్ళంతా బళ్ళు నిలబెట్టి ఒక్కసారిగా ఇంజన్లు అరిపించారు. ఆ ఇంజన్లలో పోసే ఆముదం కాలిన వాసన మలుపంతా కమ్ముకుంది. తర్వాత మొదటి పందెం. ఎర్ర హెల్మెట్ కుర్రాడు రెండో మలుపులో బయటి అంచు పట్టుకుని, కంచెకి గీసుకుంటున్నట్టు వచ్చి, ఆ మట్టి మొత్తం జనం మీదికి ఎత్తి కొట్టాడు. తలల్లో, టీ కప్పుల్లో, వెనిగర్ చల్లిన చిప్స్‌లో క్లిఫ్. ఒక పెద్దాయన నోట్లో పడింది తుపుక్కున ఉమ్మబోయి, గుర్తొచ్చి, టోపీ తీసి, అలాగే మింగేశాడు. థెల్మాకి నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కంచె పట్టుకుని కూలబడి ఏడ్చింది.

మర్నాడు డెరిక్ దగ్గరికి వెళ్ళింది. "సగం మనిషిని సగం ఊరికి పంచిపెట్టేశారు మా ఆయన్ని. మిగిలినదైనా నేను చూసుకుంటా. ఒక దంతె ఇప్పించు" అంది.

అప్పటినుంచి రెండో మలుపు ఆమెదయింది. మోకాళ్ళు నొప్పులు. వయసు డెబ్బై దాటింది. పందెం అవగానే కంచె సందులోంచి దూరి వెళ్ళి, అంచున పడ్డ మట్టిని ఇంత ఇంత లోపలికి లాగేది. లాగుతూ సణిగేది. "మళ్ళీ ఇక్కడికొచ్చావా? రా, రా. లోపలికి నడు." కంచెకి అటుపక్క నిలబడే పాత జనం అది విని నవ్వుకునేవాళ్ళు. వింతేముంది, బతికున్నప్పుడూ అలాగే అనేది, పబ్బు గుమ్మంలో నిలబడి.

ఆ పాత జనం ఏటేటా తగ్గిపోతూ వచ్చారు. ఒకప్పుడు గురువారమైతే ఊళ్ళో దుకాణాలు తొందరగా మూసేవాళ్ళు. ఫ్యాక్టరీలో రెండో పూట పనికి మనుషులు దొరికేవాళ్ళు కాదు. కంచె పొడుగునా భుజానికి భుజం తగులుతూ నిలబడి, చేతిలో పందాల పుస్తకం పెట్టుకుని, ఎవరెన్నో స్థానమో పెన్నుతో రాసుకునేవాళ్ళు. ఇప్పుడా మెట్ల మీద గడ్డి మొలిచింది. పిల్లల్ని తీసుకొచ్చే తండ్రులు లేరు. ఉన్న కుర్రాళ్ళకి ఇంట్లో ఫోనుంది. మంచి రైడర్లు పోలండ్ వెళ్ళిపోతారు, అక్కడ వేలమంది జనం, చేతినిండా డబ్బు. ఇక్కడ గురువారం ఆడినవాడు రాత్రికి రాత్రి విమానం ఎక్కి వెళ్ళి శుక్రవారం అక్కడ ఆడతాడు. వాన పడితే పందాలు రద్దు. ఈ దేశంలో వాన పడని గురువారం ఎక్కడిది? ఇవన్నీ చాలనట్టు, ట్రాక్ పక్కన ఇళ్ళు కట్టారు. ట్రాక్ ఉందని కళ్ళారా చూసి ఆ ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళే, చప్పుడు భరించలేకపోతున్నామని కౌన్సిల్‌కి ఫిర్యాదులు పెట్టారు. నది పక్కన ఇల్లు కొనుక్కుని నీళ్ళ చప్పుడని గోల పెట్టే రకం. అలాంటివాళ్ళతో ఏం మాట్లాడతాం?

ఆగస్టులో ఒక గురువారం పందాలు మొదలవకముందు డెరిక్ టీ గదిలోకి వచ్చి థెల్మా ఎదురుగా కూర్చున్నాడు. టీలో చక్కెర వేసుకుని అదేపనిగా తిప్పుతున్నాడు. అతను చక్కెర వేసుకోడని థెల్మాకి తెలుసు.

"చెప్పెయ్యి. అరిగిపోతుంది ఆ కప్పు" అంది.

"స్థలం అమ్మేశారు థెల్మా. మనకి లీజు పొడిగించరట. ఈ సెప్టెంబరుతో ఆఖరు."

"ఎవరికి అమ్మారు?"

"ఇళ్ళు కట్టేవాళ్ళకి."

థెల్మా కిటికీలోంచి బయటికి చూసింది. ట్రాక్టరు నీళ్ళు పెడుతూ రెండో మలుపు తిరుగుతోంది. జట్టు పోతుందని ఏళ్ళ తరబడి అనుకుంటున్నదే, దానికి మనసు ఎంతో కొంత సిద్ధపడే ఉంది. ఆమెకి తట్టింది వేరే.

"మట్టి ఏమవుతుంది?"

డెరిక్ చెంచా కింద పెట్టాడు. ఈ ప్రశ్న వస్తుందనే చక్కెర తిప్పుతున్నాడు పాపం. "మట్టి మనదే. స్థలం వాళ్ళది. గీకి పట్టుకుపోవచ్చన్నారు. మంచి మట్టి కదా, ఊరికే వదిలేస్తే దాని మీద గ్యారేజీలు కట్టేస్తారు. అందుకని... ఓస్బీ వాళ్ళు అడిగారు. వాళ్ళ ట్రాక్ అరిగిపోయింది. కొత్త మట్టి పరవకపోతే వచ్చే ఏడు ఆడనివ్వరట."

థెల్మా గొంతు విని టీ పోసే అమ్మాయి కెటిల్ దించేసింది.

"క్లిఫ్‌ని సిడ్ బ్రమ్మిట్‌కి ఇచ్చేశావా?"

"థెల్మా, అలా కాదు..."

"ఇంకెలా? జన్మలో అక్కడ కాలు పెట్టనని బస్సులో కూర్చున్న మనిషయ్యా! ఇప్పుడు కాళ్ళు లేవని లారీలో పడేసి పంపిస్తావా?"

డెరిక్ కళ్ళల్లో నీళ్ళు చూసి థెల్మా నోరు మూసుకుంది. అతను పుట్టినప్పట్నుంచీ ఆ ట్రాక్ దగ్గరే పెరిగాడు, వాళ్ళ నాన్న చేతిలోంచి జట్టు తీసుకున్నాడు, ఇల్లు తాకట్టు పెట్టి నడిపాడు. అతన్నని ఏం లాభం? ఆమె దంతె తీసుకుని బయటికి వెళ్ళింది. ఆ సాయంత్రం సణగలేదు. కంచె వెనక జనానికి అదే ఎక్కువ భయమేసింది.

ఆఖరి పందాలు ఓస్బీ మీదే పడ్డాయి. ఎప్పుడూ రానివాళ్ళంతా ఆ రోజు వచ్చారు. థెల్మాకి ఒళ్ళు మండింది. వీళ్ళలో సగంమంది వారం వారం వచ్చుంటే ఈ రోజు వచ్చేదే కాదు కదా అనుకుంది. కార్లు దుంపల పొలాల దాకా ఆగాయి. చిప్స్ అయిపోయాయి. కొంగలు ఓడిపోయాయి, అదీ ఆఖరి పందెంలో, ఇంజను ఆగిపోయి. అంతకన్నా థార్న్‌డైక్ తరహా ముగింపు ఇంకొకటి ఉండదు. ఎవరూ ఇంటికి పోలేదు. లౌడుస్పీకరులో డెరిక్ ధన్యవాదాలు చెప్పబోయి, మధ్యలోనే మైకు కట్టేశాడు.

అప్పుడు జనం కంచె దూకడం మొదలుపెట్టారు. చేతుల్లో బిస్కెట్ డబ్బాలు, ప్లాస్టిక్ సంచులు, ఒకామె దగ్గర పూలకుండీ. తెల్లకోటు చూసి థెల్మా చుట్టూ చేరారు.

"మా నాన్న నాలుగో మలుపులో ఉన్నాడండీ. ఏ పక్కన తవ్వుకోమంటారు?"

"మా తమ్ముణ్ణి ఇక్కడే, మొదలు గీత దగ్గర... ఒక గుప్పెడు తీసుకుంటే చాలు."

థెల్మాకి తెలుసు, మట్టి ఉన్నచోట ఉండదని. ఆమె చేతుల మీదుగానే అది కంచె దాకా వెళ్ళింది, వెనక్కొచ్చింది, ట్రాక్టరు కింద చుట్టంతా తిరిగింది. నాలుగో మలుపు నాన్న ఈపాటికి మూడో మలుపులో సగం, జనం బట్టలుతికిన నీళ్ళలో సగం. గడ్డి మీద చల్లినవాళ్ళని ఎప్పుడో వాన తీసుకుపోయింది. ఈ సంగతి ఆ పూలకుండీ ఆవిడకి ఎలా చెప్పడం? చెప్పలేదు. ఎవరు ఎక్కడంటే అక్కడ దంతెతో పై మట్టి జరిపి, "ఇదిగో, ఇక్కడ. అడుగున తీసుకోండి, అడుగుది కదలదు" అంది. వాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని తీసుకున్నారు. వాళ్ళ ముఖాలు చూస్తే తను చెప్పింది నిజమే అయ్యుంటే ఎంత బాగుండు అనిపించింది.

అందరూ అయ్యాక డెరిక్ ఒక ఖాళీ బకెట్ తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. రెండో మలుపు ఎర్రగా, దున్నినట్టుగా ఉంది. థెల్మా ఆ బకెట్ వైపు చూసింది. ఇంటికి తీసుకెళ్తే ఎక్కడ పెడుతుంది? మళ్ళీ ఫ్రిజ్ మీద. మళ్ళీ రొట్టెల డబ్బా పక్కన. అసలది క్లిఫో, క్లిఫ్ తొక్కిన మట్టో, ఎవరి నాన్నో. ఒకవేళ క్లిఫే అయినా, వారానికోసారి గాల్లోకి లేచి జనం నెత్తిన పడటానికి అలవాటుపడ్డ మనిషి, పెట్టెలో ఎలా కూర్చుంటాడు?

"నాకొద్దు" అంది. బకెట్‌ని కాలితో పక్కకి తోసి, మామూలు గురువారం లాగే కంచె దగ్గరి మట్టి లోపలికి లాగడం మొదలుపెట్టింది. ఇక ఆ మట్టి మీద పందెం లేదని తెలిసీ లాగింది. డెరిక్ లైట్లు ఆర్పకుండా ఆగాడు.

వారం తిరక్కుండానే ఓస్బీ లారీలు వచ్చాయి. వాటితో సిడ్ బ్రమ్మిట్ వచ్చాడు. మనిషి వంగిపోయాడు, చెవిలో మిషను. రెండో మలుపులో దంతె ఆనుకుని నిలబడ్డ థెల్మాని చూసి టోపీ తీశాడు.

"రానిస్తావో లేదో అనుకుంటూ వచ్చా" అన్నాడు.

"నేను రానివ్వకపోతే ఆగేది కాదుగా నీ లారీ."

"ఆగేది కాదు. కానీ నీతో ఓ మాటన్నా పడకుండా తీసుకుపోతే నాకు నిద్ర పట్టదు."

"క్లిఫ్ ఇందులో ఉన్నాడని తెలుసా నీకు?"

"ఊరంతా తిన్నారటగా, తెలియకేం?" సిడ్ బూటు కొనతో మట్టి కదిపాడు. "మా గేటు బయట బస్సులో కూర్చునేవాడు. అన్నేళ్ళు. నేను లోపల్నుంచి చూసేవాణ్ణి. రారా బాబూ, మర నిజంగానే ఇరుక్కుందిరా అని ఒకసారి వెళ్ళి చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. వెళ్ళలేదు. నాకూ పొగరే."

"నిజంగానే ఇరుక్కుందా?"

సిడ్ చెవి మిషను సర్దుకున్నాడు. "సగం ఇరుక్కుంది. సగం నేనే కట్టలేదు."

థెల్మా అతని ముఖం వంక చూసి, ఆగస్టు తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వింది. క్లిఫ్ ఈ ఒక్క మాట విని ఉంటే ఎంత సంబరపడేవాడు! నక్కవెధవ అన్నది అక్షరాలా నిజమైంది. నవ్వు ఆగాక దుఃఖం ముంచుకొచ్చింది. ఈ మాట ఇంటికి వెళ్ళి ఎవరితో చెప్పుకోవాలి?

"చూడు సిడ్. ఈ మలుపు మట్టి నీ రెండో మలుపులోనే పరవాలి. వేరే లారీలో తీసుకెళ్ళు, వేరేగా పోయించు. కలిపేశావంటే ఊరుకోను."

"అలాగే."

"నీళ్ళు మరీ ఎక్కువ పెట్టకు. ఆయనకి పడదు."

"అలాగేలే తల్లీ. మార్చిలో నువ్వే రా. దంతె కూడా తెచ్చుకో. మా రెండో మలుపులో లాగే మనిషి లేడు, నడుము పట్టేసిందని మానేశాడు."

లారీ కదులుతుంటే థెల్మా దాని వెనక గేటు దాకా నడిచింది. "లోపలికి వెళ్ళాల్సిందే ఈసారి. బస్సుల్లేవు" అంది లారీతో. నక్కల దగ్గరైనా సరే, పందాలు నడిచేచోట ఉంటాడు. వాళ్ళ చక్రాల కిందే లేస్తాడు, వాళ్ళ చిప్స్‌లోనే పడతాడు. అది తలుచుకుంటే కొంచెం ఊరట కలిగింది. వారంలో థార్న్‌డైక్ గేటుకి ఇనుప రేకులు కొట్టేశారు. అవతల యంత్రాల చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు మీద మాత్రం ఎవరూ ఫిర్యాదు పెట్టలేదు.

చలికాలమంతా ఆమె మార్చి కోసం ఎదురుచూసింది. తెల్లకోటు ఉతికి ఇస్త్రీ చేసింది. దంతె పళ్ళకి నూనె రాసింది. జనవరిలో పేపర్లో వార్త వచ్చింది. జట్లు సరిపడా లేవట. రెండు జట్లు మూతపడ్డాయి, ఇంకోటి తప్పుకుంది. ఓస్బీ వాళ్ళు ఏ లీగులో ఆడతారో, అసలు ఆడతారో లేదో తేలలేదు. బీమా పెరిగింది. ఓస్బీలోనూ ఎవరో చప్పుడని కౌన్సిల్‌కి వెళ్ళారు. ఈస్టర్‌కి తేలుతుందన్నారు. ఈస్టర్ వెళ్ళిపోయింది. పందాల పట్టికలో ఓస్బీ పేరు లేదు.

ఒక గురువారం పొద్దున్న ముసురు పడుతుంటే థెల్మా కోటు సంచిలో పెట్టుకుని, దంతె చేత పట్టుకుని బస్సెక్కింది.

"ఏంటమ్మా, తోటపనా?" అన్నాడు డ్రైవరు, దంతెని సీట్ల మధ్య ఇరికించడం చూసి.

"కాదయ్యా. మా ఆయన్ని చూడ్డానికి" అంది.

ఓస్బీ గేటు తెరిచే ఉంది. లోపల ఒక్క బండి లేదు. ట్రాక్ మీద పాత మట్టి కొట్టుకుపోయి, అడుగున కంకర తేలింది. పరవడానికి డబ్బు ఖర్చు పెట్టాలా వద్దా తేలక, కొత్త మట్టి లారీల్లోంచి దించినచోటే ఉండిపోయింది. జనం కూర్చునే స్టాండు వెనక రెండు కుప్పలు. పెద్ద కుప్ప మీద ఏమీ కప్పలేదు. చిన్న కుప్ప మీద నీలం టార్పాలిన్, చుట్టూ ఇటుకలు. దాని పక్కన గొడుగు లేకుండా సిడ్, తడుస్తూ ఇటుకలు సర్దుతున్నాడు.

"ఇది నీ రెండో మలుపు. కలపలేదు" అన్నాడు ఆమెని చూసి.

"ఎప్పుడు పరుస్తారు?"

"మే అంటున్నారు. మే కాకపోతే వచ్చే ఏడు అంటున్నారు." సిడ్ కళ్ళు తుడుచుకున్నాడు, వానకి కావచ్చు. "నాకు తెలీదు థెల్మా. నిన్ను రమ్మని పిలిచింది నేనే. నీకు అబద్ధం చెప్పలేను. అసలు పరుస్తారో లేదో నాకు తెలీదు."

థెల్మా కుప్ప చుట్టూ తిరిగి చూసింది. రాత్రి గాలికి టార్పాలిన్ ఒక మూల లేచిపోయినట్టుంది. అక్కడ కుప్ప జారి, మట్టి సన్నటి ఎర్రటి పాయలా వాననీటితో కలిసి మురికికాలవ వైపు పోతోంది. పందెం లేదు, చక్రం లేదు, జనం లేరు. అయినా అతను బయటి అంచుకే పోతున్నాడు.

ఆమె సంచిలోంచి తెల్లకోటు తీసి వేసుకుంది. బొత్తాలు పెట్టుకుంది. కాలవ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి దంతెతో మట్టిని ఇంత ఇంత వెనక్కి లాగడం మొదలుపెట్టింది.

"మళ్ళీ ఇక్కడికొచ్చావా?" అంది. "రా. లోపలికి నడు."

సిడ్ టార్పాలిన్ మూల ఎత్తి పట్టుకున్నాడు. ఆమె మట్టి దాని కిందికి తోసింది. ఇద్దరూ కలిసి ఇటుకలు పెట్టారు.

"వచ్చే గురువారం కూడా వస్తా" అంది థెల్మా, దంతె కడుగుతూ.

"గురువారం ఇక్కడేముంటుంది?"

"వాన ఉంటుందిగా" అంది.